రోహిణికి పిడికిలెడు ఉత్తరాన: చల్లని చీకటి మబ్బును అరకులో కూర్చుని చదవడం ఎలా?

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీరు. బడి పాఠంలో ఇది ఒక్క వాక్యంతో అయిపోతుంది. మనం తాగే నీటిలో ఆ కలయిక ఎక్కడ జరిగిందో మాత్రం పాఠం చెప్పదు. అందులో కొంత భాగం సూర్యుడు పుట్టకముందే, చుక్కల మధ్య తేలే నల్లని, అతి చల్లని మబ్బులో, పొగ రేణువంత ధూళి మీద తయారైంది. మన సూర్యుణ్ణి కన్న మబ్బు ఎప్పుడో చెదిరిపోయింది. దాని వంటి మబ్బు ఒకటి డిసెంబరు, జనవరి రాత్రుల్లో అరకు లోయకి దాదాపు నడినెత్తిన నిలుస్తుంది.

దాని జాగా పట్టుకోవడానికి టెలిస్కోపు అక్కర్లేదు. లోపల జరిగే రసాయనం అర్థం చేసుకోవడానికి ప్రయోగశాలా అక్కర్లేదు. పదో తరగతి వరకు సైన్సు చదివినవాళ్ళకి ఒక రాత్రి, ఒక దుప్పటి, సంతలో దొరికే నాలుగు గింజలు చాలు. నేను పిల్లలకి ఇలాగే చెప్తాను. మీరూ ఇలాగే మొదలుపెట్టండి.

ముందు సంతకి వెళ్ళండి

గుప్పెడు మిరియాలు, గుప్పెడు కాఫీ గింజలు, గుప్పెడు రాజ్మా, రెండు పసుపు కొమ్ములు, రెండు మూడు పిప్పళ్ళు, చిటికెడు ఆవాలు, ఒక అడ్డాకు విస్తరి తెచ్చుకోండి. అన్నీ మన్యంలో వాడకంలో ఉన్నవే. కాఫీ తోటలో నీడకి వేసిన సిల్వర్ ఓక్ చెట్టుకే మిరియాల తీగ పాకుతుంది కనుక ఆ రెండూ ఒక్క తోటలోనే దొరుకుతాయి.

ఇప్పుడు పేర్లు పెట్టుకుందాం. మిరియం హైడ్రోజన్ పరమాణువు. కాఫీ గింజ కార్బన్. రాజ్మా ఆక్సిజన్. పసుపు కొమ్ము నైట్రోజన్. పిప్పలి అంటే డ్యుటీరియం, బరువైన హైడ్రోజన్. ఆవగింజ ఎలక్ట్రాన్. అడ్డాకు ధూళి రేణువు.

నిజం లెక్కన పరచాలంటే మీ దగ్గరున్న మిరియాలు చాలవు. అలాంటి మబ్బులో పదివేల మిరియాల జంటలకి ఒక కాఫీ గింజా ఒక రాజ్మా అంటుకున్న జోడీ ఒక్కటే ఉంటుంది. ఆ జోడీ పేరు కార్బన్ మోనాక్సైడ్. హీలియం కూడా చాలానే ఉంటుంది గానీ మొదటి రోజుకి దాన్ని పక్కన పెట్టేయండి.

రాత్రిని, చోటును ఎంచుకోవడం

కార్తీక, మార్గశిర, పుష్య అమావాస్యలు మంచివి. వర్షాకాలంలో వద్దు, అప్పుడు మన మబ్బులే ఆ మబ్బుని కప్పేస్తాయి.

శీతాకాలం తెల్లవారుజామున లోయ అడుగున పొగమంచు నిండుతుంది. కాబట్టి ముందు రాత్రే చూసేయాలి, వీలైతే కాస్త గట్టు మీద. వంజంగి, మాడగడ లాంటి చోట్లకి జనం మబ్బుల సముద్రం చూడటానికి వస్తారు. గుడారాలు, లైట్లు, పాటలు తప్పవు, మన పనికి అవి పనికిరావు. ఏదైనా ఊళ్ళో పెద్దలకి ముందే చెప్పి, కోత అయిపోయిన కళ్ళంలో కూర్చోనివ్వమని అడగండి. అడగకుండా పొలంలోకి దిగడం తప్పు.

టార్చి మీద ఎర్ర కాగితం కట్టండి. ఫోను జేబులో పెట్టి అరగంట చీకట్లో ఉంటే గానీ కళ్ళు తెరుచుకోవు. ఈ అరగంట చాలామంది ఓపిక పట్టరు. ఆకాశం ఖాళీగా ఉందని తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు ఎక్కువగా వాళ్ళే.

ఇంకో సౌకర్యం ఉంది. మన దేశపు గడియారాన్ని నడిపే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కగా పోతుంది, అరకు దానికి అతి దగ్గర. అందుకని ఇక్కడ చేతి గడియారానికీ ఆకాశానికీ తేడా నిమిషాల్లోనే. డిసెంబరు మొదట్లో అర్ధరాత్రికి, జనవరి మొదట్లో రాత్రి 10 గంటలకి, జనవరి చివర్లో 8 దాటాక మన మబ్బు అన్నిటికంటే ఎత్తులో ఉంటుంది.

మబ్బు జాగా పట్టుకోవడం

ముందు కృత్తికలు వెతకండి. ఊళ్ళల్లో పిల్లలకోడి అంటారు, చిన్న చుక్కల గుంపు. దానికి తూర్పుగా, కాస్త దక్షిణంగా ఎర్రగా మెరిసేది రోహిణి. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. రోహిణి నుంచి ఉత్తరంగా ఒక పిడికిలి జరగండి. సరిచూసుకోవడానికి కృత్తికల నుంచి తూర్పుగా పిడికిలిన్నర కంటే కొంచెం తక్కువ జరగండి. రెండు కొలతలూ ఒకే చోటికి వస్తాయి.

అక్కడ చెప్పుకోదగ్గ చుక్క ఏదీ లేదు. మీరు సరిగ్గానే వచ్చారు. శాస్త్రవేత్తలు టీఎంసీ-1 అనే పేరుతో పిలిచే మబ్బు అక్కడే ఉంది. వృషభరాశి మబ్బుల గుంపులో ఒక ముక్క అది. దూరం సుమారు 450 కాంతి సంవత్సరాలు. ఇప్పుడు అక్కడి నుంచి వస్తున్న తరంగాలు 1565 నాటి తళ్ళికోట యుద్ధం అటూ ఇటూగా బయలుదేరినవి.

ఒకసారి ఒక కుర్రాడు ఆ జాగాని చాలాసేపు చూసి, "ఇక్కడ చుక్కల్ని ఎవరు తీసీసారు సార్?" అన్నాడు. ఆ ప్రశ్న అడిగితే సగం పని అయిపోయినట్టే. ఎవరూ తియ్యలేదు నాయనా, ధూళి అడ్డం వచ్చింది. వెనకాల చుక్కలు ఉన్నాయి. విలియం హెర్షెల్ అంతటివాడు కూడా ఆకాశంలో ఇలాంటి నల్లని జాగాల్ని రంధ్రాలనే అనుకున్నాడు. అమెరికా ఖగోళవేత్త బార్నార్డ్ ఏళ్ళ తరబడి ఫొటోలు తీసి, 1919లో 182 నల్లని మచ్చల పట్టిక అచ్చువేశాడు. అవి ఖాళీలు కావు, అడ్డుగా ఉన్న పదార్థం అన్న మాట ఆ తర్వాతే గట్టిపడింది.

కంటికి ఆ మచ్చ అంచులు తెలియవు, చుక్కలు పలచబడ్డాయని మాత్రమే తెలుస్తుంది. ఫోనుని రాయి మీద కదలకుండా ఆనించి 15 సెకండ్ల చొప్పున చాలా ఫొటోలు తీసి కలిపితే, వెనక చుక్కల మధ్య నల్లని చారలు తేలడం మొదలవుతుంది.

చలి ఎంత, పలచన ఎంత

లంబసింగిలో సున్నా దగ్గరికి దిగితే వార్త అవుతుంది. ఆ మబ్బులో ఉష్ణోగ్రత సున్నాకి దిగువ 263 డిగ్రీల సెల్సియస్, అంటే 10 కెల్విన్లు. దూరపు చుక్కల వెలుగు లోపలికి రాదు. లోపల ఉన్న కొద్దిపాటి వేడిని అణువులే రేడియో తరంగాలుగా బయటికి పంపేస్తాయి.

ఇక పలచన. ఘన సెంటీమీటరు అంటే చింతగింజంత జాగా అనుకోండి. అంత జాగాలో మీ చుట్టూ ఉన్న గాలి అణువులు సుమారు 2.5 లక్షల కోట్ల కోట్లు. ఆ మబ్బులో పదివేలు. దాన్ని భూమి మీదికి తెస్తే శూన్యం అంటాం. అంత పలచటిది వెనక చుక్కల్ని ఎలా మూసేస్తుందంటే, దాని మందం వల్ల. ఒక్కో మబ్బు మందం కాంతి సంవత్సరాల లెక్కలో ఉంటుంది. బరువులో నూటికి ఒక వంతు ధూళి. మిల్లీమీటరులో పదివేలో వంతు రేణువులు, ఇసుకజాతివీ మసిజాతివీ.

ఇంత చలిలో, ఇంత ఒంటరితనంలో రసాయనం ఏం జరుగుతుంది? ఏమీ జరగదని 1960ల దాకా చాలామంది అనుకున్నారు. 1968లో అమోనియా, 1969లో నీరు, ఫార్మాల్డిహైడ్, 1970లో కార్బన్ మోనాక్సైడ్ వరసగా దొరికాక ఆ అభిప్రాయం కూలిపోయింది.

గింజలు తీయండి: మొదటి వంట

రెండు మిరియాల్ని ఆనించి పెట్టండి. ఇది హైడ్రోజన్ అణువు, మబ్బులో ఎక్కడ చూసినా ఇదే. రెండు జంటలు పక్కపక్కన పెట్టినా ఏమీ కాదు. వాటిని కదిలించాలంటే కొండ ఎక్కినంత శక్తి కావాలి, 10 కెల్విన్ల దగ్గర ఆ శక్తి లేదు.

అక్కడికి కాస్మిక్ కిరణం వస్తుంది. పేలిపోయిన నక్షత్రాల దగ్గర వేగం పుంజుకున్న కణం అది, వెలుగు చొరలేని మబ్బులోకి కూడా చొరబడుతుంది. మీ అరచెయ్యి ఆకాశం వైపు చాపండి. అలాంటి కణాలు మన వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూవాన్లు సెకండుకి ఒకటికి తక్కువ కాకుండా మీ చేతిలోంచి దూసుకుపోతున్నాయి. మీకు తెలియదంతే. తెలుగువాళ్ళు ఎందరో పనిచేసిన కోలారు బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకి పైగా లోతున కూడా మన శాస్త్రవేత్తలు మ్యూవాన్లని లెక్కపెట్టారు.

ఆ కణం జంటలోంచి ఒక ఎలక్ట్రాన్‌ని ఎగరగొడుతుంది. ఒక ఆవగింజ తీసి దూరంగా పెట్టండి. ఒక్కో హైడ్రోజన్ అణువుకి ఈ దెబ్బ సగటున 300 కోట్ల ఏళ్ళకి ఒకసారి తగులుతుంది. తక్కువే అనిపిస్తుంది గానీ, అణువులు లెక్కలేనన్ని ఉన్న చోట ఏ క్షణంలోనైనా ఎవరో ఒకరికి తగులుతూనే ఉంటుంది.

దెబ్బ తిన్న జంట పక్క జంటని తాకి ఒక మిరియాన్ని లాక్కుంటుంది. ఇప్పుడు మూడు మిరియాల జట్టు ఒకటి, ఒంటరి మిరియం ఒకటి. ఈ జట్టునే మూడు హైడ్రోజన్ల అయాన్ అంటారు. మబ్బు రసాయనం మొత్తానికి నిప్పు అంటించేది ఇదే. హెర్బ్‌స్ట్, క్లెంపరర్ 1973లో దీని చుట్టూ లెక్క కట్టారు. ఆకాశంలో అది కనబడింది 1996లో, 23 ఏళ్ళు ఆగి.

దానికి ఇవ్వడమే తెలుసు. కాఫీ గింజ, రాజ్మా జోడీ ఎదురైతే ఒక మిరియం ఇచ్చేసి మళ్ళీ మామూలు జంట అయిపోతుంది. మిరియం అందుకున్న జోడీకి ధనావేశం వస్తుంది. ఒంటరి రాజ్మా ఎదురైతే? దానికీ ఒక మిరియం ఇస్తుంది. ఆ రాజ్మా తర్వాత ఎదురైన రెండు జంటల నుంచి ఒక్కో మిరియం లాక్కుంటుంది. రాజ్మా చుట్టూ మూడు మిరియాలు అయ్యాయి కదా, ఇప్పుడు ఆవగింజని తిరిగి తెచ్చి కలపండి. ఒక్కోసారి అంతా చెదిరిపోతుంది. ఒక్కోసారి ఒక మిరియం మాత్రమే ఊడుతుంది. మిగిలింది రాజ్మా, రెండు మిరియాలు. నీరు.

ఆవేశం ఉన్నవి ఆవేశం లేనివాటిని దగ్గరికి లాగుతాయి. కాబట్టి ఈ వంటలో కొండ ఎక్కే పని లేదు, అంత చలిలోనూ సాగుతుంది.

కార్బన్ ఇంకా మోనాక్సైడ్‌లో పూర్తిగా చిక్కుకోని మబ్బుల్లో కాఫీ గింజలు వరసగా దండలా కూడా అల్లుకుంటాయి. టీఎంసీ-1 దీనికి పేరుమోసింది. తొమ్మిది కార్బన్ల దండ చివర ఒక నైట్రోజన్ ఉన్న అణువు 1978లోనే అక్కడ దొరికింది. 2018లో బెంజీన్ వలయానికి నైట్రోజన్ తోక ఉన్న బెంజోనైట్రైల్, 2024లో నాలుగు వలయాల పైరీన్‌కి అలాంటి తోకే ఉన్న అణువు. ఆ రెండిటినీ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపుతో పట్టుకున్నారు.

అడ్డాకు మీద రెండో వంట

తెలుగులో మంచు ఒక్కటే మాట. గాలిలో తేలితే పొగమంచు, గడ్డి మీద పడితే మంచుబిందువు, గడ్డకట్టినా మంచే. ఈ ఒక్క మాట ఇక్కడ బాగా పనికొస్తుంది. ధూళి రేణువు మీదికి వచ్చిన అణువు ఆ చలికి అక్కడే అంటుకుపోతుంది, తెల్లారి గడ్డి మీద మంచు పేరుకున్నట్టు.

విస్తరి పరచండి. రేణువుకి ఒంటరి హైడ్రోజన్ పరమాణువు సుమారు రోజుకి ఒకటి తగులుతుంది. విస్తరి మీద ఒక మిరియం వేసి, "రేపటికి" ఇంకొకటి వేయండి. రెండూ ఆకు మీద జారుతూ కలిసి జంటై ఎగిరిపోతాయి. ఇందాకటి మిరియాల జంటలన్నీ పుట్టింది ఇలాగే. ధూళి లేకపోతే హైడ్రోజన్ జంటలు కట్టడమే కష్టం.

ఇప్పుడు ఒక రాజ్మా వేసి, రోజుకొకటిగా రెండు మిరియాలు చేర్చండి. నీరు. ఇది ఎగిరిపోదు, మంచుపొరై ఉండిపోతుంది. మబ్బులోని నీటిలో ఎక్కువ భాగం ఇలా ఆకు మీద వండిందే. పసుపు కొమ్ముకి మూడు మిరియాలు పెడితే అమోనియా. ఒంటరి కాఫీ గింజకి నాలుగు పెడితే మీథేన్.

చివరగా కాఫీ గింజ, రాజ్మా జోడీని వేయండి. మొదటి మిరియం, రెండోది. ఇక్కడ ఆగండి, ఇది ఫార్మాల్డిహైడ్. మూడోది, నాలుగోది. మెథనాల్ వచ్చింది, అంటే ఒక రకం ఆల్కహాల్. మొదటి మిరియం అంటాలన్నా, మూడోది అంటాలన్నా కొండ అడ్డం ఉంది. 10 కెల్విన్ల దగ్గర దాన్ని ఎక్కే శక్తి లేదు. అయినా జరుగుతుంది. విశాఖ నుంచి అరకు వచ్చే రైలుని గుర్తు చేసుకోండి. అది ప్రతి కొండా ఎక్కదు, సొరంగంలో దూరి ఇవతలికి వస్తుంది. హైడ్రోజన్ ఎంతో తేలిక కాబట్టి క్వాంటమ్ నియమం ప్రకారం అడ్డంకిలోంచి దూరిపోగలదు. భౌతికశాస్త్రంలో దాని పేరు కూడా టన్నెలింగే. 2002లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో వతనబె, కౌచి ప్రయోగశాలలో మంచు మీద హైడ్రోజన్ చల్లి, ఈ వరసంతా నిజంగా జరుగుతుందని చూపించారు.

2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు దక్షిణాకాశంలోని కెమీలియన్ మబ్బులోంచి వెనకాల చుక్కల వెలుగుని పరీక్షించింది. నీరు, కార్బన్ డయాక్సైడ్, మోనాక్సైడ్, అమోనియా, మీథేన్, మెథనాల్ మంచుల గుర్తులు అందులో కనిపించాయి. మీ విస్తరిలో ఇప్పుడు ఉన్నవి దాదాపు అవే.

అంత దూరాన ఉన్నది ఎలా తెలుస్తుంది?

అణువులు దొర్లుతూ ఉంటాయి. దొర్లే వేగం తగ్గినప్పుడల్లా ఒక రేడియో తరంగం విడుస్తాయి. ఏ అణువు స్వరం దానిదే. కార్బన్ మోనాక్సైడ్‌ది 115 గిగాహెర్ట్‌జ్, తరంగం పొడవు 2.6 మిల్లీమీటర్లు. అసలు పదార్థమైన హైడ్రోజన్ జంట మాత్రం ఆ చలిలో మౌనంగా ఉంటుంది. అందుకని పదివేలలో ఒక్కటైన మోనాక్సైడ్‌ని విని హైడ్రోజన్ ఎంతుందో లెక్క కడతారు.

ధూళిని చూడాలంటే దూరపు పరారుణ కిరణాలు కావాలి. వాటిని మన గాలిలోని తేమ మింగేస్తుంది. ఈ పనికి తెలుగునేల మీదే ఒక కేంద్రం ఉంది. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి 1 మీటరు అద్దం ఉన్న టెలిస్కోపుని బెలూనుకి కట్టి, సుమారు 31 కిలోమీటర్ల ఎత్తుకి పంపి, నక్షత్రాలు పుట్టే మబ్బుల ధూళి వెలుగుని కొలిచారు. తర్వాత జపాన్ పరికరం జోడించి, మబ్బుల అంచుల్లో అయాన్‌గా మారిన కార్బన్ వెలుగుని కూడా పట్టుకున్నారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పనికి ఒక పేజీ దక్కాలి.

నక్షత్రం పుట్టడానికి కాస్త ముందు

మళ్ళీ ఆకాశానికి రండి. టీఎంసీ-1 నుంచి తూర్పుగా అర పిడికిలి జరిగితే ఎల్1544 అనే మరో మబ్బు జాగా. ఇది కూలడం మొదలైంది, నక్షత్రం ఇంకా వెలగలేదు. నడుమ ఉష్ణోగ్రత 7 కెల్విన్లకి దిగింది. ఘన సెంటీమీటరుకి పదివేల అణువులు ఉన్న చోట మోనాక్సైడ్ మంచుగా మారడానికి లక్ష ఏళ్ళు పట్టవచ్చు. సాంద్రత పెరిగేకొద్దీ అది వేగంగా జరిగిపోతుంది. అంటే మీ కాఫీ గింజ, రాజ్మా జోడీలన్నీ గాలిలోంచి విస్తరి మీదికి చేరిపోయాయన్నమాట. వినే రేడియోకి మబ్బు నడిబొడ్డున మోనాక్సైడ్ మాయమైపోతుంది. 2012లో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు ఈ మబ్బులోనే నీటి ఆవిరిని కనిపెట్టింది. ఆ ఆవిరే మన సముద్రాల్ని 2,000 సార్లు నింపేంత. మంచుగా ఉన్నది దానికి ఎన్నో రెట్లు.

పిప్పళ్ళు ఇప్పుడు తీయండి. విశ్వంలో సుమారు 50 వేల హైడ్రోజన్లలో ఒకటి డ్యుటీరియం. మూడు మిరియాల జట్టులో ఒకటి తీసి పిప్పలి పెట్టండి. ఈ మార్పిడిలో కొంచెం శక్తి బయటికి పోతుంది. తిరిగి మారాలంటే ఆ శక్తి వెనక్కి కావాలి, అంత చలిలో దొరకదు. గెడ్డ కిందికే పారినట్టు మార్పిడి ఒక్కవైపే సాగుతుంది. జట్టు మిరియాన్ని లాగేసుకునే మోనాక్సైడ్ కూడా గాలిలో లేదు కనుక పిప్పళ్ళు పేరుకుంటాయి. జట్టు ఇక ఎవరికి ఇచ్చినా ఒక్కోసారి పిప్పలినే ఇస్తుంది. ఇలాంటి మబ్బుల్లో కొన్ని అణువుల్లో నూటికి పది, ఇరవై వంతులు పిప్పలి ఉన్నవే కనిపిస్తాయి. ఎక్కడైనా డ్యుటీరియం ఎక్కువగా కనబడితే అది చలిలో పుట్టిందనడానికి గుర్తు.

మన సముద్రపు నీటిలో సుమారు 6,400 హైడ్రోజన్లకి ఒకటి డ్యుటీరియం. విశ్వపు లెక్క కంటే ఏడెనిమిది రెట్లు ఎక్కువ. సూర్యుడి చుట్టూ గ్రహాలు ఏర్పడిన పళ్ళెంలో ఇంత ఎక్కువ తయారు కావడం కుదరదని 2014లో ఇల్సెడోర్ క్లీవ్స్ బృందం లెక్క కట్టి చెప్పింది. కాబట్టి ఆ నీటిలో కొంత సూర్యుడి కంటే పాతది, ఇలాంటి చీకటి మబ్బులో ధూళి మీద పేరుకున్న మంచే. తెల్లారాక గెడ్డలో ముఖం కడుక్కునేటప్పుడు దోసిట్లోకి వచ్చే నీళ్ళలో అదీ ఉంటుంది.

చొల్లంగి అమావాస్య, అంటే పుష్య అమావాస్య నాడు రాత్రి 8 గంటల వేళ ఆ జాగా అరకుకి నడినెత్తిన, పిడికిలి లోపే ఉత్తరంగా ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే లేపి తీసుకెళ్ళండి. కళ్ళం పక్కన లైటు వెలుగుతుంటే ఒక్క అరగంట ఆర్పమని ఆ ఇంటివాళ్ళని అడగండి.